పెండింగు లేదని ధ్రువపత్రం

1 జనవరి 1998, గురువారం

డైరీ రాయుటకు ముందు, డైరీ రాయు విధానమును నిర్ణయించుకొనుట సముచితం. విధానం లేని పని ఎంత మంచిదైనా తనిఖీలో నిలవదు. కావున నిర్ణయించుకొన్నది ఏమనగా: జరిగినది జరిగినట్టు, నీలి సిరాతో, తేదీ వేసి రాయవలెను. కొట్టివేత ఉన్న చోట పొట్టి సంతకం చేయవలెను. కోపం, దుఃఖం మొదలగు వ్యక్తిగత విషయాలకు ఇందులో తావు లేదు; తప్పనిసరైనచో మార్జినులో పెన్సిలుతో రాసి నెలాఖరున చెరిపివేయవలెను. ఈ డైరీని దేవప్రసాద్ అను నేను తప్ప మరెవరూ చదవరాదు. నేను కూడా అవసరం మేరకే చదవవలెను.

డైరీ ప్రారంభించుటకు కారణం: నాంపల్లి స్టేషను వెనుక మేము ఇరవై ఆరేళ్ళుగా కిరాయికి ఉంటున్న పోర్షనును, దానితో పాటు మిగతా మూడు పోర్షన్లను కూల్చి కాంప్లెక్సు కట్టదలచినట్టు ఇంటి యజమాని వరప్రసాద్ గారు ఈ ఉదయం కేకు తింటూ తెలియజేశారు. గడువు జూన్ ముప్పై. మనిషి మర్యాదస్తుడు. కుటుంబం యాభై ఆరులో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఖాళీ చేయమనడంలో కూడా ఆ మర్యాద తప్పలేదు.

"మీకు ప్లాటుంది కదండీ దేవప్రసాద్ గారూ. ఇంటి పర్మిషను కాగితం తెచ్చి చూపించండి చాలు. మీ గోడలు లేచేదాకా నా గోడలు కూల్చను" అన్నారు.

అనగా కావలసినది ఒక కాగితం. కాగితాలు కదిలించుటలో నాకు ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నది. ఆందోళనకు కారణం కనిపించలేదు.

7 జనవరి

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనుక సందులో డ్రాఫ్ట్స్‌మన్ పవన్‌కుమార్ ప్లాను గీసి ఇచ్చాడు. రెండు గదులు, వంటిల్లు, వరండా. వంటింటి లోపల నల్లా ఎక్కడ ఉండాలో నా భార్య జిప్పోరా వెంట వచ్చి పెన్సిలుతో చూపించింది. పంచాయతీకి ఇచ్చే ప్లానులో నల్లాలు చూపనవసరం లేదని పవన్‌కుమార్ అన్నాడు. చూపించమని ఆమె అన్నది. ఇరవై ఆరేళ్ళుగా నాలుగు కుటుంబాలకు ఒకటే నల్లా దగ్గర బిందె పట్టుకొని నిలబడిన మనిషితో వాదించరాదని అతనికి తెలియదు. చివరికి చూపించాడు.

మధ్యాహ్నం మెదక్ బస్సులో ప్లాటు ఉన్న ఊరికి పోయి దరఖాస్తు సమర్పించడమైనది. (ఊరి పేరు నాకు తెలిసినదే కనుక రాయలేదు.) పంచాయతీ కార్యదర్శి పేరు రామచంద్రమూర్తి. సన్నని మనిషి, ఇస్త్రీ చొక్కా, బల్ల మీద ఒక్క కాగితం కూడా అడ్డంగా లేదు. నాలుగు హద్దుల వారి సంతకాలు అడిగారు. మూడు ఉన్నవి. ఉత్తరాన పంచాయతీ స్థలం.

"అయితే పంచాయతీ సంతకం కావాలండి" అన్నారు.

"పంచాయతీ అంటే మీరే కదా సార్."

"నేనేనండి. కానీ నాకు నేను ఇవ్వాలంటే నేను నన్ను అడగాలి కదా."

తనకు తాను ఒక లేఖ రాసుకొని, ఇన్‌వార్డులో నమోదు చేసుకొని, జత పత్రాలు లేవని తనకే తిప్పి పంపుకొన్నారు. నా కళ్ళెదుటే. బస్టాండులో విచారించగా మనిషి లంచం తీసుకోడని తెలిసింది. మొదటిసారి గుండెలో కొంత భయం వేసింది. తీసుకునే మనిషికి ఒక ధర ఉంటుంది. ఈయనకు నిబంధనలు మాత్రమే ఉన్నవి.

19 జనవరి

ఉత్తర హద్దు సంతకం లభించినది. మూడవ ప్రయత్నంలో తన లేఖ సక్రమంగా ఉన్నట్టు ఆయనకు ఆయన అంగీకరించారు. వారం రోజుల్లో కాగితం ఇస్తామన్నారు. జిప్పోరా ఫోనులో తన చెల్లెలు యూనీసుకు, పాస్టరు గారికి, మరో ముప్పై ఎనిమిది మందికి చెప్పింది.

26 జనవరి, సోమవారం

ఈ రోజు ప్లాటులో పునాది ప్రార్థన జరిగినది.

కాగితం చేతికి రాకముందే ప్రార్థన ఏమిటని నేను అడగలేదు. మా ఇళ్ళలో ఎవరు గోడ కట్టదలచినా ముందు ఆ మట్టి మీద నిలబడి దేవునికి అప్పగిస్తారు. మా నాయన గుడిసె వేసినప్పుడు కూడా అదే చేశాడు. సెలవు రోజు కనుక అందరూ వచ్చారు. షామియానా, మైకు సెట్టు, హార్మోనియం, నలభై మంది. పాస్టరు గారు గొంతు ఎత్తి ప్రార్థించారు. జిప్పోరా వంటిల్లు రాబోయే చోట నిలబడి ఏడ్చింది. నేను ఏడ్చిన విషయం మార్జినులో పెన్సిలుతో రాశాను.

పంచాయతీ ఆఫీసులో జెండా ఎగరేయుటకు వచ్చిన రామచంద్రమూర్తి గారు మైకు విని నడిచి వచ్చారు. ఆహ్వానించాము. కుర్చీ వేశాము. చివరి పాట వరకు కూర్చున్నారు. పులావు వద్దన్నారు. లడ్డూలు తిన్నారు. రెండు.

29 జనవరి

ఫైలులో రామచంద్రమూర్తి గారి నోటు, నకలు నాకు: "అనుమతి మంజూరుకు ముందే సదరు స్థలమందు షామియానాతో, మైకుతో సామూహిక ఆరాధన జరిగినది. నేను స్వయముగా హాజరై గమనించితిని. కావున ప్రతిపాదిత కట్టడం నివాసమా, ప్రార్థనా మందిరమా తేలవలసి ఉన్నది. మందిరమైనచో కలెక్టరు గారి అనుమతి అవసరం. కలెక్టరు కార్యాలయమునకు నివేదించడమైనది."

రెండు లడ్డూలు తిన్న సంగతి నోటులో లేదు.

30 జనవరి

విధానమునకు సవరణ. "పగ" అను పదం ఈ డైరీలో వాడరాదు. సందర్భం వచ్చినచో "పరిశీలన" అని రాయవలెను.

13 ఫిబ్రవరి

కలెక్టరు కార్యాలయంలో మా ఫైలు చేరినట్టు చెప్పారు. ఎక్కడ చేరిందో చెప్పలేదు. ఇది ఇల్లేనని, ఇంట్లో ప్రార్థన చేసుకుంటామని, అయినా అది ఇల్లేనని అఫిడవిట్ ఇచ్చాను.

17 ఫిబ్రవరి

వెళ్ళాను. రమ్మన్నారు.

3 మార్చి

వెళ్ళాను. మళ్ళీ రమ్మన్నారు. జిప్పోరా అడగడం మానేసింది.

16 మార్చి, సోమవారం

ఈ తేదీ కింద రెండు గీతలు గీశాను. కారణం కింద వివరించడమైనది.

మా కార్యాలయం పంచాయతీ ఉద్యోగుల పింఛను కాగితాలు పరిశీలించే చోటు. ఈ సెక్షనుకు నేను సూపరింటెండెంటును. ఈ ఉదయం అటెండరు మొగులయ్య తెచ్చి పెట్టిన కట్టలో పై నుంచి నాలుగవ సర్వీసు పుస్తకం తీయగానే ఒక సంతకం కనిపించింది. చివరన గీత, గీత కింద రెండు చుక్కలు. రెండు నెలలుగా నా కలలో వస్తున్న సంతకం.

రామచంద్రమూర్తి. పంచాయతీ కార్యదర్శి. పదవీ విరమణ 30 జూన్ 1998.

పుస్తకం మూసి, కళ్ళద్దాలు తుడుచుకొని, మళ్ళీ తెరిచాను. ఇందులో వ్యక్తిగతం ఏమీ లేదు. నా బల్ల మీదికి వచ్చిన ప్రతి ఫైలునూ సమానంగా చూచుట నా ధర్మం. ఈ ఫైలును మరింత సమానంగా చూడదలచాను.

22 మార్చి, ఆదివారం

ఆరాధన తరువాత అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర రెండు గంటలు వెదికాను. ఒక పాత సర్వీసు నిబంధనల పుస్తకం దొరికింది. అట్ట లేదు, చెద పట్టిన అంచులు. ఎవరో రిటైరైన గుమాస్తాది కాబోలు, ప్రతి పేజీలో ఎర్ర సిరా గీతలు. నాకు ముందే ఎవరో ఇదే అవసరంతో చదివినట్టున్నది. ఆయన ఆత్మకు శాంతి కలుగుగాక.

ఇంటికి వచ్చేటప్పటికి జిప్పోరా నల్లా దగ్గర ఉంది. పుస్తకం చూసి, "ఇల్లు గట్టే పుస్తకమా?" అని అడిగింది. అంతకంటె ముఖ్యమైనదని చెప్పాను.

8 ఏప్రిల్

మొదటి అభ్యంతరం. సర్వీసు పుస్తకంలో గుర్తింపు చిహ్నం: "కుడి మోచేతికి రెండంగుళాల దిగువన పుట్టుమచ్చ." పింఛను పత్రంలో: "కుడి ముంజేతి మీద పుట్టుమచ్చ." దూరం పేర్కొనలేదు. ఉద్యోగి స్వయముగా హాజరై చూపవలెనని పోయిన వారం రాశాను.

ఇవాళ వచ్చారు. ఇద్దరమూ ఒకరినొకరు గుర్తు పట్టాము. ఇద్దరమూ ఆ సంగతి ఎత్తలేదు. కూర్చోమన్నాను. చాయ్ తెప్పించాను. ఆయన చొక్కా చేయి నీటుగా నాలుగు మడతలు మడిచి బల్ల మీద పెట్టారు. స్కేలు పెట్టి కొలిచాను. రెండున్నర అంగుళాలు.

"ముప్పై మూడేళ్ళలో అర అంగుళం జరిగింది సార్. కారణం రాసివ్వాలి" అన్నాను.

 ఆయన కాగితం అడిగి తీసుకొని, "నియామక కాలమున చేయి సన్నగా ఉండినందునను, తదుపరి వయోభారముచేత చర్మం సాగినందునను" అని రాసి సంతకం చేశారు. రెండు చుక్కలు పెట్టారు. వాక్యం బాగున్నదని ఒప్పుకోవలెను.

పరిశీలన తృప్తికరంగా జరిగినది.

10 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

ఆరాధనలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు విన్నాను. మొదటి మాట క్షమాపణ గురించినది. ఆ సమయంలో రెండవ అభ్యంతరం గురించి ఆలోచిస్తున్నాను. మార్జినులో పెన్సిలుతో రాశాను, చెరిపివేశాను.

4 మే

రెండవ అభ్యంతరం. 1971లో పదకొండు రోజులు ఒక ఊళ్ళో ఇన్‌చార్జిగా పని చేసినట్టున్నది. ఆ ఊరి రికార్డుతో ధ్రువీకరణ లేదు. ఆ ఊరు తరువాత రిజర్వాయరులో మునిగిపోయింది. ఊరు మునిగినంత మాత్రాన రికార్డు మునగవలెనని నిబంధన లేదు. సదరు గ్రామ పంచాయతీ నుంచి ధ్రువీకరణ తేవలెనని రాశాను.

మొగులయ్య ఆ లేఖ టపాలో వేసే ముందు చదివాడు. చదవకూడదు. చదివాడు.

"సార్, ఊరే లేదు గదా. నీళ్ళల్ల మునిగి తెస్తడా ఏంది?"

అది అతని సమస్య అన్నాను.

"జర సూస్కోన్రి సార్. మంచోడు. మొన్న మీరు చేయి కొలుస్తుంటె నాకే సిగ్గయింది."

అటెండర్ల సిగ్గును లెక్కలోకి తీసుకొనే విధానం లేదు.

25 మే

తెచ్చారు. ఆ ఊరి ధ్రువీకరణ కాదు. నీటి పారుదల శాఖ నుంచి ఒక పత్రం. "సదరు గ్రామ పంచాయతీ కార్యాలయ భవనం సాధారణముగా ముప్పై ఎనిమిది అడుగుల నీటి అడుగున ఉన్నది. వేసవిలో ఇరవై ఆరు." దీని కోసం రెండు రాత్రులు బస్సులో ప్రయాణం చేశారట. నన్ను తిట్టలేదు. నేను పత్రం చదువుతున్నంతసేపూ నిలబడే ఉన్నారు. వేసవి లోతు కూడా వేయించిన పద్ధతి చూసి నాకు ఈర్ష్య కలిగింది. ఇలాంటి మనిషి నా సెక్షనులో ఉంటే ఎంత బాగుండేదని ఒక క్షణం అనిపించింది. ఒక్క క్షణమే.

17 జూన్

కలెక్టరు కార్యాలయం నుంచి మా ఫైలు పంచాయతీకి తిరిగి వచ్చినది. "ఇది నివాసముగానే పరిగణించవచ్చును." ఇక రామచంద్రమూర్తి గారి సంతకం ఒక్కటే మిగిలినది. పదమూడు రోజులు.

ఆయనకూ నా సంతకం ఒక్కటే మిగిలినది. పదమూడు రోజులే.

22 జూన్, సోమవారం

ఈ రోజు జరిగినది పూర్తిగా నమోదు చేయవలెను. తరువాత ఎవరైనా అడిగితే నేను తప్పు చేయలేదని ఇదే సాక్ష్యం. (ఎవరూ చదవరు. అయినా.)

పదకొండు గంటలకు మొగులయ్య వచ్చి, "గా రామచంద్రమూర్తి సారు కింద మెట్ల మీద కూసున్నడు సార్. పైకి రమ్మంటె ముందు మిమ్మల్ని అడగమన్నడు" అన్నాడు. రమ్మన్నాను.

ఆయన కూర్చున్నారు. మొదటిసారి చొక్కా ఇస్త్రీ లేదు. తన అమ్మాయి పెళ్ళి అనో, ఆరోగ్యం అనో అంటారని నేను సిద్ధంగా ఉన్నాను. అవేవీ అనలేదు.

"దేవప్రసాద్ గారూ, దాపరికం ఎందుకండి. మీ ఫైలు నా బల్ల మీద ఉంది. నా ఫైలు మీ బల్ల మీద ఉంది. నాది ఇవాళ మీరు కదిలించండి, రేపు పొద్దున్నే మీ కాగితం మీద సంతకం పెట్టి నేనే తెచ్చి ఇస్తాను. జనవరిలో నేను రాసిన నోటు... అది నిబంధన ప్రకారమే రాశానండి. కానీ రాయకపోయినా ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను."

   ఔనని ఒక మాట అంటే సరిపోయేది. ఆ మాట నోటి దాకా వచ్చింది. కానీ ఆ పాత పుస్తకంలో అప్పటికే పేజీ గుర్తు పెట్టి ఉంచాను. మూడవ అభ్యంతరం టైపు చేయించి సొరుగులో ఉంచాను. ఆయన ఆ నోటు రాసి అయిదు నెలలైనది.

"రెండు ఫైళ్ళను కలిపి చూసే విధానం లేదు సార్" అన్నాను.

సొరుగు తెరిచి కాగితం ఇచ్చాను: "పదవీ విరమణ నాటికి తన చేతిలో ఏ ఫైలూ పెండింగు లేదని ఉద్యోగి ధ్రువపత్రం సమర్పించవలెను. ఆధారపు నకళ్ళు జతచేయవలెను. అది అందనిదే పింఛను పరిశీలించబడదు."

ఇక్కడ నా తెలివిని నమోదు చేయుట అవసరం. ఆయన చేతిలో పెండింగు ఉన్నది నా ఫైలే. పింఛను కావాలంటే నా ఫైలు తేల్చక తప్పదు. ఆయన బేరంతో ఇవ్వదలచిన సంతకాన్ని నిబంధనతో ఇప్పిస్తున్నాను. నేను ఎవరికీ రుణపడను, ఎవరినీ క్షమించనవసరం లేదు.

ఆయన కాగితం రెండుసార్లు చదివారు. "బాగా రాశారండి" అన్నారు. వెటకారం కాదు. లేచి వెళ్ళిపోయారు.

24 జూన్

మొగులయ్య పనిగట్టుకొని ఇంటికి వచ్చి జిప్పోరాకు చెప్పాడట. ఇది క్రమశిక్షణారాహిత్యం. మెమో ఇవ్వవలెను.

రాత్రి కంచం పెట్టి ఎదురుగా కూర్చున్నది. మామూలుగా కూర్చోదు.

"ఆయనే ఇస్తనన్నడట గదా?"

షరతు మీద ఇస్తానన్నాడు, ఇప్పుడు షరతు లేకుండా ఇవ్వవలసి వస్తుంది, అని వివరించాను.

"నువ్వు ఆఫీసుల గెలుస్తున్నవా, ఇల్లు గడ్తున్నవా? నాకు జర సమజయ్యేటట్టు చెప్పు."

పెళ్ళయినప్పటి నుంచీ "మీరు" అనే మనిషి "నువ్వు" అన్నది. పొరపాటున అన్నదనుకుంటాను. రెండూ ఒకటేనని జవాబు చెప్పాను. ముప్పైన చూడమన్నాను. కంచం తీసుకొని వెళ్ళింది. నేను తినడం పూర్తి కాలేదు.

29 జూన్

వరప్రసాద్ గారు గోడ మీద సున్నంతో కొలతలు వేయించారు. రేపు కాగితం వస్తుందని చెప్పాను. "రావాలనే కోరుకుంటున్నానండీ" అన్నారు. నిజంగానే అన్నారు.

30 జూన్, మంగళవారం

మధ్యాహ్నం మూడున్నరకు ఆయనే వచ్చారు. మెడలో ఊళ్ళో వేసిన బంతిపూల దండ ఇంకా ఉన్నది, తీయడం మరచిపోయినట్టున్నారు. ధ్రువపత్రం బల్ల మీద పెట్టారు. "నా చేతిలో ఏ ఫైలూ పెండింగు లేదు." సంతకం, గీత, రెండు చుక్కలు. జత పత్రం ఒకటి. విప్పి చదివాను.

"శ్రీ దేవప్రసాద్ గారి గృహ నిర్మాణ దరఖాస్తు, పెండింగు నివారణ నిమిత్తం, తిరస్కరించి ముగించడమైనది. దరఖాస్తుదారు తాజాగా దరఖాస్తు చేసుకొనవచ్చును."

మళ్ళీ చదివాను.

"మంజూరు చేద్దామనే కూర్చున్నానండి" అన్నారు ఆయన. "కానీ మంజూరు చేస్తే తరువాత పునాది తనిఖీ నా పేరు మీద పెండింగు నిలుస్తుంది. నేనేమో ఇవాళే దిగిపోతున్నాను. మీరు అడిగినట్టు ఏదీ పెండింగు లేకుండా చెయ్యాలంటే తిరస్కరించడం ఒక్కటే దారండి. నిన్న రాత్రంతా చూశాను. ఇంకో దారి దొరకలేదు."

ఆయన కళ్ళల్లో పరిశీలన లేదు. ఉంటే బాగుండేది, దానితో వ్యవహరించుట నాకు వచ్చు. ఆయన నిజంగానే నా లేఖకు జవాబు రాసుకొచ్చారు, ఒక మంచి గుమాస్తా మరొక మంచి గుమాస్తాకు రాసినట్టు.

ఆయన వెళ్ళాక మొగులయ్య తలుపు దగ్గర నిలబడి, "మార్చిల మనం చేస్తం గదా సార్, ఏడాది ఆఖరుల ఫైళ్ళన్ని మూసి నిల్ అని రాస్తం. గట్లనే చేసిండు" అన్నాడు.

తెలుసు. ఇరవై ఎనిమిది మార్చి నెలలు చేశాను. నాకు తెలుసు.

ఇంటికి వెళ్ళాక వరప్రసాద్ గారికి చూపించుటకు నా వద్ద కాగితం ఉన్నది. చూపించాను. ఆయన చదివి, మడిచి, రెండు చేతులతో తిరిగి ఇచ్చారు.

2 జూలై

సామాను రెండు ఆటోట్రాలీల్లో హిమాయత్‌నగర్‌లోని యూనీసు ఇంటికి పోయింది. జిప్పోరా సామానుతో పోయింది. నేను ఎప్పుడు రావాలని అడిగాను. పిలిచినప్పుడు అన్నది. నాంపల్లిలో ఒక లాడ్జిలో గది తీసుకున్నాను.

6 జూలై, సోమవారం

రామచంద్రమూర్తి గారి పింఛను ఫైలు నా బల్ల మీద ఉన్నది. అన్నీ సక్రమంగా ఉన్నవి. పుట్టుమచ్చ ఉన్నది, మునిగిన ఊరు ఉన్నది, ధ్రువపత్రం ఉన్నది. లోపం లేని ఫైలు నా ఉద్యోగంలో ఇదే మొదటిది. సంతకం చేయుట తప్ప నాకు మరో మార్గం లేదు.

లేదని పదకొండు గంటల వరకు అనుకున్నాను. తరువాత మార్గం కల్పించడమైనది. ఒక కొత్త నిబంధనకు నోటు తయారు చేసి అధికారి గారికి పంపాను. వారు చదవకుండా సంతకం చేశారు. వారు చదివి సంతకం చేసిన కాగితం నేను ఇంతవరకు చూడలేదు. కార్యాలయమంతటికీ నకళ్ళు పోయినవి. మొగులయ్య తన నకలు చదివి, "సార్, గిట్లయితె మీక్కూడ పింఛను రాదు గదా?" అన్నాడు. చదవకూడదు. చదివాడు.

నా పదవీ విరమణ మార్చి 2002లో. ఇన్నేళ్ళ మార్చి నెలల్లో నా చేతి మీదుగా ముగిసిన ఫైళ్ళు ఎన్నో నేను లెక్క తీయించలేదు. నిబంధన పాఠం దిగువన:

"ఉద్యోగి తన కాలమందు తిరస్కరించి గాని, మూసివేసి గాని, మరే విధముగా గాని ముగించిన ప్రతి ఫైలునూ పెండింగుగానే పరిగణించవలెను. అట్టి ఫైలు ఒక్కటి ఉన్ననూ పింఛను పరిశీలించబడదు. ఇది గతమునకు, వర్తమానమునకు, భవిష్యత్తుకు, ఈ నిబంధన రాసిన వానికి కూడ వర్తించును. అప్పీలు ఉన్నచో సూపరింటెండెంటు దేవప్రసాదుకే సమర్పించవలెను. ఆయన స్వీకరించడు. ఇది అంతిమం."